అమ్మబోయే ఇంట్లో పాత వంటింటికి ఎంత పెట్టాలి?

మీరు రాసినదాంట్లో నాకు అర్థమైంది ఇదీ. నల్గొండ రామగిరి వైపు 180 గజాల్లో మీ నాన్నగారు 1993లో కట్టించిన ఇల్లు. ఆయన పోయాక అమ్మగారిని హైదరాబాద్ తీసుకొచ్చుకున్నారు. ఇప్పుడు ఇల్లు అమ్ముదామనుకుంటున్నారు. వంటిల్లు మాత్రం అప్పటిదే: కడప బండ గట్టు, సగం గోడ దాకా తెల్ల టైల్స్, సిమెంటు జాలీ, తలుపుల్లేని అరలు, మూలన నేలలో పాతిన రోలు. ఒక ఇంటీరియర్ వాళ్లు మాడ్యులర్ కిచెన్‌కు 3 లక్షల 80 వేలు చెప్పి, అది పెడితే ఇంటికి పది లక్షలు ఎక్కువొస్తాయన్నారు. మీ అన్నయ్యేమో ఒక్క రూపాయి కూడా పెట్టొద్దంటున్నారు. ఎవరి మాట వినాలని మీ ప్రశ్న.

ఇద్దరి మాటా వినకండమ్మా. మీ వంటింటికి 70, 80 వేల పని ఉంది. అంతకుమించి పెడితే తిరిగి రాదు. అసలు పెట్టకపోతే బేరంలో అంతకు మూడు నాలుగింతలు పోతుంది.

నేను నల్గొండ, మిర్యాలగూడ, పాలమూరుల్లో 26 ఏళ్లుగా ఇళ్ల పనులు చేయిస్తున్నాను. కొత్త ఇళ్ల కంటే పాత ఇళ్ల రిపేర్లే ఎక్కువ. ఈ మధ్య పదేళ్లుగా అమ్మకానికి పెట్టే ఇళ్లను సరిచేసే పని తరచుగా వస్తోంది. ఒకటీ అరా బేరాల్లో మధ్యవర్తిగానూ కూర్చున్నాను. కాబట్టి రెండు వైపులా ఏం మాట్లాడుకుంటారో నాకు తెలుసు.

మన ఊళ్లలో పాత ఇల్లు కొనేవాళ్లు ముందు గజం రేటు అడుగుతారు. తర్వాత రోడ్డు వెడల్పు, ఏ ఫేసింగ్, బోరులో నీళ్లు ఎంత, వాస్తు, కాగితాలు. ముప్పై ఏళ్లు దాటిన కట్టుబడికి విలువ కట్టాలంటే ఎవరికీ చేయి రాదు. "ఇల్లు పాతదే కదా, జాగా రేటుకు మాట్లాడుకుందాం" అనేస్తారు. వంటిల్లు బాగుందని గజానికి వెయ్యి ఎక్కువిచ్చినవాణ్ని నేను ఇంతవరకు చూడలేదు. వంటిల్లు బాగాలేదని మూడు లక్షలు తగ్గించి అడిగినవాళ్లను మాత్రం చాలామందిని చూశాను.

ఆ తగ్గింపు ఎలా మొదలవుతుందో చెప్తాను. పోయిన వేసవిలో సాగర్ రోడ్డు వైపు ఒక ఇల్లు చూపించాం. భార్యాభర్తలు, ఆమె తల్లి, ఆయన మేనమామ వచ్చారు. మగవాళ్లిద్దరూ గేటు దగ్గరే ఆగి రోడ్డును అడుగులతో కొలుస్తున్నారు. ఆడవాళ్లు నేరుగా వంటింట్లోకి వెళ్లారు. పెద్దావిడ నల్లా తిప్పింది. అది రెండుసార్లు గురగురమని ఎర్రటి నీళ్లు కక్కింది. వంగి గట్టు కింద చూసింది. బొటనవేలితో జాలీ మీద ఒక్క గీత గీసి, వేలిని వెలుతురుకు పట్టి చూసుకుని, గోడకు తుడిచేసింది. ఇంట్లో ఒక్క మాట కూడా అనలేదు. గేటు దాటాక అల్లుడితో అంది: "వంటర్ర మొత్తం కొట్టేసి కట్టుకోవాలె. నాలుగు లక్షలు పక్కకు పెట్టుండ్రి." అక్కడున్న అసలు పని నలభై వేలది. కానీ ఆ రోజు నుంచి బేరం ఆ నాలుగు లక్షల చుట్టే తిరిగింది. చివరికి ఇంటాయన రెండున్నర తగ్గించుకుని బయానా తీసుకున్నాడు.

మీ అన్నయ్య మాట వింటే మీకూ ఇదే జరుగుతుంది. ఇక మాడ్యులర్ సంగతి. అందులో దెబ్బ తిన్నది నేనే.

2017లో పాలమూరులో మెట్టుగడ్డ వైపు ఉన్న మా సొంత ఇల్లు అమ్మకానికి పెట్టాను. ఊళ్లోవాళ్లందరి వంటిళ్లు బాగు చేసేవాణ్ని, నా ఇంటికి తక్కువ చేస్తానా అని 2 లక్షల 60 వేలు పెట్టి మాడ్యులర్ చేయించాను. మెరూన్ రంగు షట్టర్లు, సాఫ్ట్ క్లోజ్ డ్రాయర్లు, పొడవాటి స్టీలు హ్యాండిళ్లు. ఐదు నెలలకు అమ్ముడుపోయింది, పక్కింటి గజం రేటుకే. కొన్నవాళ్ల వాస్తు పంతులు పొయ్యి జరపాలన్నాడట. గృహప్రవేశానికి పిలిస్తే వెళ్లాను. నా షట్టర్లన్నీ మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. హ్యాండిళ్ల మీద ప్లాస్టిక్ పొర కూడా తీయలేదు. భోజనం చేసి వచ్చేశాను కానీ ఏం తిన్నానో గుర్తులేదు.

వంటిల్లు వాడుకునేవాళ్ల చేతికి తగ్గట్టు ఉండాలి. కొనేవాళ్లలో ఒకరు నిలబడి వండుతారు, ఇంకొకరు కూరగాయలు నేల మీద కూర్చునే తరుగుతారు. డ్రాయర్లు మీరు ఎంచితే వాళ్లకు నచ్చాలని లేదు. పైగా అమ్మకానికే చేయిస్తున్నారని తెలిస్తే చాలామంది చెక్కపొట్టు నొక్కి చేసే పార్టికల్ బోర్డు వాడేస్తారు. సింకు కింద ఒక్క చుక్క కారినా అది అటుకుల్లా ఉబ్బుతుంది. ఇల్లు చూడటానికి వచ్చేవాళ్లు ముందు తెరిచే తలుపు అదే.

సరే, పనిలోకి వద్దాం. నల్గొండలో వంటిల్లంటే నా దృష్టిలో ముందు నీళ్లు. ఆ తర్వాతే గ్రానైట్లూ రంగులూ.

బయటి ఊళ్లవాళ్లకు ఇది తెలియదు. మన జిల్లా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత పేరు మోసిందంటే, పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి దాన్ని తగ్గించే పద్ధతికి ప్రపంచమంతా 'నల్గొండ టెక్నిక్' అనే పేరుంది. ఇలాంటి పేరు ఏ ఊరూ కోరుకోదు. అందుకే ఇక్కడ ఇల్లు చూసే ఆడవాళ్లు తప్పకుండా అడిగేది "తాగే నీళ్లు కృష్ణవేనా, బోరువా?" అని. మీ ఇంట్లో మున్సిపాలిటీ నల్లా ముంగిట్లో సంపు దగ్గరే ఉండి ఉంటుంది. అప్పట్లో కట్టిన ఇళ్లన్నిట్లో అంతే. బిందెలతో లోపలికి మోసుకొచ్చేవాళ్లు. వంటింటి సింకుకు వచ్చేది మేడ మీది ట్యాంకు నుంచి బోరు నీళ్లు.

ఇక్కడ చేయాల్సిన పని చిన్నదే. మున్సిపాలిటీ నీళ్లకు మేడ మీద 300 లీటర్ల వేరే ట్యాంకు పెట్టి, దాని నుంచి వంటింట్లోకి అరంగుళం సీపీవీసీ పైపు ఒకటి లాగించండి. సింకు మీద రెండు నల్లాలు ఉండాలి. ఒకటి తాగడానికి, వంటకు. ఇంకొకటి గిన్నెలకు. రెండింటికీ తేడా తెలిసేలా తాగే నీళ్ల నల్లాను వేరే రకం పెట్టించండి. నేను వాడే చిట్కా ఏంటంటే, దాన్ని కొంచెం ఎత్తులో పెట్టిస్తాను, కింద బిందె పట్టేలా. బిందె పట్టే నల్లా కనబడితే మన ఆడవాళ్ల మొహంలో వచ్చే మార్పు గ్లాసు షట్టర్లు చూపించినా రాదు.

ఆర్‌వో మిషన్ మీరు కొనొద్దు. దానికొక నీళ్ల పాయింటు, ఒక ప్లగ్గు, వృథా నీళ్లు బయటికి పోయే గొట్టం పెట్టిస్తే చాలు, ఏది పెట్టుకోవాలో వాళ్లే చూసుకుంటారు. బోరు నీళ్లు ఒకసారి పరీక్ష చేయించి ఆ కాగితం దగ్గర పెట్టుకోండి. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా ఫరవాలేదని మన దేశ ప్రమాణం. ఎక్కువ వచ్చినా దాచకండి, బోరు నీళ్లు వాడకానికే అని ముందే చెప్పండి. చూడటానికి వచ్చినవాళ్లలో ఎవరో ఒకరు "కాచుకుని తాగితే సరిపోతుంది కదా" అంటారు. కాస్తే ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరైన కొద్దీ మిగిలినదాంట్లో ఇంకా చిక్కబడుతుంది. ఈ మాట మీరే చెప్తే, మిగతా విషయాల్లోనూ మీరు నిజం చెప్తున్నారని వాళ్లకు నమ్మకం కుదురుతుంది.

బోరు నీళ్లతో ఇంకో చిక్కు తెల్ల పొర. ముప్పై ఏళ్ల నల్లాలకు, సింకు అంచులకు సున్నం గట్టిపడి ఉంటుంది. నల్లాల మీద కుస్తీ పట్టకండి, మార్చేయండి. సింకు స్టీలుదైతే కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు వేడినీళ్లలో కలిపి, గుడ్డ తడిపి గంటసేపు కప్పి ఉంచితే పొర వదులుతుంది.

ఇక్కడొక హెచ్చరిక. క్లీనింగుకు వచ్చే కుర్రాళ్లు బాత్రూములు కడిగే యాసిడ్ సీసా పట్టుకొస్తారు. దాన్ని మీ వంటింటి గుమ్మం దాటనివ్వకండి. కడప బండ, షాబాదు బండ, తాండూరు బండ, ఇవన్నీ సున్నపురాళ్లు. యాసిడ్ పడితే బుసబుసమని పొంగి, నల్లటి గట్టు మీద బూడిద రంగు మచ్చలు పడతాయి. అవి తుడిస్తే పోవు, మిషన్ పెట్టి అరగదీయించాల్సిందే. నిమ్మ ఉప్పు కూడా ఆ రాయి మీద పడకుండా చూసుకోండి. దేవరకొండలో ఒక ఇంట్లో ఇల్లంతా షాబాదు బండలు, యాభై ఏళ్ల నడకకు అద్దంలా నిగనిగలాడేవి. అమ్మకానికి ముందు శుభ్రం చేద్దామని యాసిడ్ పోశారు. ఒక్క పూటలో ముగ్గుపిండి చల్లినట్టయింది నేల. బండకు సబ్బునీళ్లు, జిడ్డు ఎక్కువుంటే వాషింగ్ సోడా వేసిన వేడినీళ్లు, అంతే.

గట్టు సంగతి. మీరు పెట్టిన ఫొటోలో సింకు దగ్గర అతుకు విరిగినట్టుంది, అంచు కూడా ఒకచోట రాలింది. రాయి నిలకడగా ఉంటే పాలిష్ పట్టించి వదిలేయమనేవాణ్ని. కడప బండ చెడ్డదేం కాదు, దాని మీద మూడు తరాలు చపాతీలు ఒత్తుకున్నాయి. కానీ విరిగిన అతుకులోంచి నీళ్లు దిగి కింద గోడ నానుతుంది, బొద్దింకలు కూడా అక్కడే. కాబట్టి మీ గట్టుకు గ్రానైట్ వేయించండి. పాత బండ తీయకుండా దాని మీదే వేస్తే రెండు లాభాలు. పగలగొట్టే ఖర్చు, దుమ్ము ఉండవు. పాత గట్లు 30 అంగుళాల ఎత్తుకే ఉంటాయి, మీద గ్రానైట్, దాని కింది సిమెంటు కలిసి అంగుళంన్నర పెరుగుతుంది. ఇప్పటివాళ్లు నిలబడి వండే 33 అంగుళాలకు దగ్గరవుతుంది. కాకపోతే విరిగినచోట కింద గట్టిగా ఉందో లేదో ముందు సుత్తితో తట్టి చూడమనండి. బోలు శబ్దం వస్తే ఆ ముక్క తీయాల్సిందే.

రంగు నలుపే. మచ్చ పడదు, ఏ టైలు పక్కనైనా ఒదుగుతుంది. మెరుపు చుక్కలది కావాలంటే చీమకుర్తి గెలాక్సీ ఉంది, ధర ఎక్కువ, అమ్మే ఇంటికి అనవసరం. అంచును గుండ్రంగా తిప్పించండి, ముందు వైపు అడుగున చిన్న గాడి కొట్టించండి. ఆ గాడి లేకపోతే గట్టు మీద ఒలికిన నీళ్లు అడుగు పట్టుకుని కింది తలుపుల మీదికి జారతాయి. గాడికి మేస్త్రీ పది నిమిషాల పని, చెప్పకపోతే మాత్రం ఎవడూ కొట్టడు.

గట్టు మీద పని జరిగేటప్పుడే సింకు స్థానం తేల్చుకోండి. పొయ్యి పక్కనే సింకుంటే మనవాళ్లు నిప్పూ నీళ్లూ పక్కపక్కన అని ముఖం తిప్పేస్తారు. రెండు మూడు అడుగులు జరపగలిగితే ఇప్పుడే జరపండి, తర్వాత కుదరదు. వాస్తు కోసం చేయాల్సింది అంతవరకే. గోడలు పగలగొట్టి, గుమ్మం మార్చి, వంటిల్లును ఆగ్నేయంలోకి తోద్దామని చూడకండి. ఆగ్నేయంలోనే ఉంటే, తూర్పు మొహంగా నిలబడి వండే వీలుంటే ఆ మాట ఫోన్లోనే చెప్పండి. వాయవ్యంలో ఉన్నా చాలామంది ఒప్పుకుంటారు. ఈశాన్యంలో ఉంటే ఉన్నట్టే చూపించండి. మీరు ఒక పంతులు మాట విని మార్పించాక, కొనేవాళ్ల పంతులు వచ్చి ఇంకోటంటాడు. ఇద్దరు వాస్తువాళ్లు ఒకే మాట మీద ఉండగా నేనైతే వినలేదు.

నీళ్లు పోయే దారి గురించి కొంచెం. మీ ఇంట్లో రోలు పక్కన నేల మీద చిన్న మోరీ ఉంది చూశారా, కూర్చుని గిన్నెలు తోముకునేది. అది ఇప్పుడు ఎవరూ వాడరు. వాడని మోరీలో నీళ్లు ఎండిపోయి కాలువ వాసన లోపలికి వస్తుంది. ఇల్లు ఆరు నెలలుగా మూసి ఉందంటున్నారు కాబట్టి తలుపు తెరవగానే వచ్చే వాసన అదే అయి ఉంటుంది, ఎలుకలది కాదు. మోరీ వదిలేయాలనుకుంటే పైపు నోరు సిమెంటుతో పూర్తిగా మూయించి పైన బండ వేయించండి. ఉంచాలనుకుంటే కొత్త నహాని ట్రాప్, అంటే నీళ్లు నిలిచి కాలువ వాసనను ఆపే గిన్నె, పెట్టించి, ఇల్లు చూపించే ముందు రోజు ఒక చెంబు నీళ్లు పోయండి.

టైల్స్ సగం గోడ దాకా తెల్లవి ఉన్నాయి, గట్టిగానే ఉన్నాయంటున్నారు. గట్టు పైన సజ్జ దాకా ఉన్న రెండడుగుల పట్టీ ఒక్కటి మార్చండి. లేత రంగు, బొమ్మల్లేనివి. పండ్ల బుట్ట, కాఫీ కప్పు బొమ్మల టైల్స్ వద్దు, అవి పెట్టిన వంటిల్లు పెట్టిన మర్నాటికే పాతదైపోతుంది. మిగతా తెల్ల టైల్స్ కడిగి, సందుల్లో కొత్త గ్రౌట్ నింపిస్తే చాలు. నల్లబడ్డ సందులే టైల్స్‌ను ముసలి చేసేది.

రంగు వేసే ముందు సీలింగు కడిగించండి. ముప్పై ఏళ్ల పోపుల జిడ్డు మీద నేరుగా రంగేస్తే రెండు నెలల్లో పొరలు పొరలుగా ఊడుతుంది. మీ ఇల్లు అమ్ముడుపోవడానికి పట్టే టైము సరిగ్గా అంతే ఉంటుంది. వాషింగ్ సోడా నీళ్లతో కడిగి, ఆరాక ప్రైమరు, ఆ తర్వాతే రంగు. సిమెంటు జాలీని మాత్రం కడిగితే పోదు, దాని సందుల్లో నూనె, దుమ్ము కలిసి తారులా అయి ఉంటుంది. తీసేసి అల్యూమినియం కిటికీ, దోమల మెష్, పక్కన ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించండి. ఈ ఒక్క మార్పుతో వంటింట్లోకి వచ్చే వెలుతురు చూసి మీ అమ్మగారే, ఈ పని నాన్న ఉన్నప్పుడు ఎందుకు చేయించలేదంటారు. చిమ్నీ అక్కర్లేదు.

కరెంటు పని మీద పిసినారితనం వద్దు. 1993లో వంటింట్లో ఒకటే బోర్డు, మిక్సీకి ఒక ప్లగ్గు. ఇప్పుడు ఫ్రిజ్, ఓవెన్, ఇండక్షన్, గ్రైండర్, ఆర్‌వో. రెండు 16 ఆంపియర్ల సాకెట్లు, మూడు నాలుగు మామూలువి, ఇంటి మెయిన్ దగ్గర షాక్ కొట్టకుండా ఆపే ఆర్‌సీసీబీ పెట్టించండి. నల్లటి పాత స్విచ్చులు మార్చడానికి పెద్దగా ఖర్చు కాదు.

అరలకు తలుపులు పెట్టాలా? గట్టు కింద మాత్రం పెట్టించండి, అల్యూమినియం ఫ్రేముతో. చెదలు పట్టదు, నీళ్లకు ఉబ్బదు. సిలిండరు ఉండే అరకు తలుపు పెడితే కింద గాలి రంధ్రాలు తప్పనిసరి, గ్యాస్ కారితే అడుగునే పేరుకుంటుంది కాబట్టి. పైన ఉన్న బండ అరలు అలాగే తెరిచి ఉంచి, ఖాళీ చేసి, తుడిచి పెట్టండి. సజ్జ మీది పాత డబ్బాలు, పగిలిన జాడీలు, పెళ్లికి వచ్చిన స్టీలు సామాను అంతా దించేయండి. ఖాళీ సజ్జ చూస్తే కొనేవాళ్లకు తమ సామాను అక్కడ కనిపిస్తుంది.

ఒక్క విషయంలో మాత్రం మొహమాటం లేకుండా చెప్తాను. ఫొటోలో కిటికీ పక్క గోడకు నేల నుంచి రెండడుగుల దాకా చెమ్మ మరక ఉంది. గోడ అవతల బాత్రూమేనా? అయితే అక్కడ పైపు కారుతోంది. దాన్ని బాగుచేయకుండా పీవీసీ ప్యానెల్ కొట్టి దాచేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. వానాకాలంలో అది ప్యానెల్ వెనక బూజు పట్టి వాసనొస్తుంది, అప్పటికి బయానా తీసుకుని ఉంటారు, ఊళ్లో మాట పోతుంది. ముందు పైపు, తర్వాత గోడ గీకి ఎండనిచ్చి ప్లాస్టరు. గోడ ఎండడానికే మూడు వారాలు పట్టొచ్చు, ఆ టైము లెక్కలో వేసుకోండి.

ఖర్చు ఎంతవుతుందో ఊహకు అందాలంటే, పోయినేడాది దేవరకొండ రోడ్డులో దాదాపు మీ వంటింటి అంతే ఉన్నదాన్ని చేయించిన లెక్క ఇదీ. గ్రానైట్ కూలితో సహా 19 వేలు, టైల్స్ 14, సింకూ నల్లాలూ ప్లంబింగూ 11, అల్యూమినియం తలుపులు 11, రంగులు 9, కరెంటు 8. మొత్తం 72 వేలు. మీకు చెమ్మ పని, వేరే ట్యాంకు అదనం కాబట్టి ఇంకొంచెం పెరుగుతుంది. ఫాల్స్ సీలింగు, రంగురంగుల లైట్లు ఇందులో లేవు, ఉండాల్సిన పని లేదు.

బిల్లులు తీసిపెట్టుకోండి. ఇల్లు అమ్మాక వచ్చిన లాభం మీద పన్ను లెక్క కట్టేటప్పుడు, ఇంటికి శాశ్వతంగా చేయించిన మెరుగులను ఖర్చులో చూపించుకోవచ్చు. గోడలకు సున్నం వేయించడం, మామూలు రిపేర్లు చెల్లవు. 2001 ఏప్రిల్ 1కి ముందు సంపాదించిన ఆస్తికి ఆ తేదీనాటి విలువను కొన్న ధరగా తీసుకునే వెసులుబాటు కూడా ఉంది. మీది వారసత్వంగా వచ్చినా నాన్నగారు కట్టించిన ఏడే లెక్క కాబట్టి మీకు వర్తిస్తుంది. ఏది ఎంతో ఆడిటరుతో కూర్చుని తేల్చుకోండి. అన్నట్టు, ఇల్లు ఇంకా నాన్నగారి పేరు మీదే ఉంటే వంటింటికి మేస్త్రీని పిలిచే ముందు ఆ పని మొదలుపెట్టండి. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మున్సిపాలిటీలో పేరు మార్పు, మీ అమ్మగారి, అన్నయ్యగారి, మీ సంతకాలు. కొనేవాళ్లు బ్యాంకు లోనుకు వెళ్తే ముందు అడిగేది అవే.

టైము విషయానికొస్తే, కొన్నవాళ్లు గృహప్రవేశం చేసుకునే నెలలను బట్టి ఇళ్లు కదులుతాయి. ఆషాఢంలో, భాద్రపదంలో, పుష్యంలో చూసేవాళ్లు చూస్తారు కానీ బయానా ఇవ్వరు. అందుకే ఆ నెలల్లో పని పెట్టుకుని, శ్రావణానికో మాఘానికో రంగు వాసన పోయి సిద్ధంగా ఉండేలా చూసుకోవడం నా అలవాటు. చెమ్మ గోడ కలుపుకుంటే మీ పని నెల రోజులు.

హైదరాబాద్‌లో కూర్చుని ఫోన్ల మీద అంతా చేయిద్దామనుకోకండి. మూడు రోజులు మాత్రం మీరో అన్నయ్యో అక్కడ నిలబడాలి. జాలీ, విరిగిన ముక్క తీసే రోజు, గోడలో పైపులు వేసి ఇంకా మూయని రోజు, గ్రానైట్ కోసే రోజు. పైపులు మూసేముందు టేపు పెట్టి కొలతలు కనిపించేలా ఫొటోలు తీసి, కొన్నవాళ్లకు ఇవ్వండి. రేపు వాళ్లు మేకు కొట్టుకోవాలన్నా పనికొస్తుంది.

చివరికి రోలు. అమ్మగారు దాన్ని వదలనంటున్నారని రాశారు. అయితే మొదటివాళ్లు చూడటానికి రాకముందే తీయించండి. ఇల్లు చూసినప్పుడు నేలలో పాతి ఉన్నది ఇంటితో పాటే వస్తుందని అనుకుంటారు, అగ్రిమెంటు అయ్యాక తీస్తే మాట వస్తుంది. గునపం వేసి పెకిలిస్తే అంచు పగులుతుంది. చుట్టూ సన్నటి ఉలితో గచ్చు కొట్టుకుంటూ పోతే గంటన్నరలో వదులవుతుంది, ఇద్దరు మనుషులు, ఒక గోనెసంచి, ట్రాలీ ఆటో చాలు. తీశాక మిగిలే గుంతలో కొత్త బండ వేస్తే అది ఒక్కటే తెల్లగా కనిపిస్తుంది, పాత బండల రంగు బజారులో దొరకదు. మీ ఇంట్లో మెట్ల కిందనో స్టోర్ రూములోనో అదే రకం బండలు వేసి ఉంటాయి. అక్కడి నుంచి ఒకటి జాగ్రత్తగా తీసి వంటింట్లో వేయించి, కొత్తది మెట్ల కింద వేయించండి.

పని మొదలుపెట్టాక గట్టు కింద తట్టి చూసినప్పుడు ఏం తేలిందో ఇక్కడే రాయండి, దాన్ని బట్టి గ్రానైట్‌ను పాత బండ మీదే వేయాలా, బండ తీసి వేయాలా చెప్తాను.